ఎడమ చేతికి ఉప్పు, కుడి చేతికి పథ్యం

ఈ ప్రయాణంలో నేను చూసిన ఊళ్ళు మూడు. అంత దూరం వెళ్ళి చూడకుండా తిరిగొచ్చిన ఊరు ఒకటి. ఆ నాలుగో ఊరు మద్రాసు. మద్రాసు వెళ్ళొచ్చానంటే మావాళ్ళందరూ బీచి చూశావా, జంతువుల్ని చూశావా అని అడుగుతారు. నేను చూసింది ఒక టీవీ తెర. అందులో నా తొడ దగ్గర బయలుదేరిన సన్నటి తీగ ఒకటి భుజం దాకా వెళ్ళడం చూశాను. అటువైపు వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వెళ్ళే అవసరం ఎవరికీ రాకూడదనే కోరుకుంటున్నాను.

రేపల్లె

నా పేరు దానియేలు. రేపల్లెలో బడిపంతుల్ని. ఆదివారం పొద్దున లూథరన్ చర్చిలో హార్మోనియం వాయిస్తాను. శనివారం రాత్రి పౌరాణిక నాటకం ఎక్కడుంటే అక్కడ వాయిస్తాను. ఈ రెండింటి మధ్య నా నిద్రంతా తన ప్రసంగంలో పూర్తిచేసుకుంటానని మా పాస్టరుగారి అభియోగం. అందులో అబద్ధమేమీ లేదు.

నాటకంలో పద్యాలు పాడేది అప్పయ్య. రేపల్లె బజారులో బియ్యం కొట్టు ఆయనది. ఇరవయ్యేళ్ళుగా రాజు వేషం వేస్తున్నాడు కాబట్టి కొట్లో కాటా ముందు కూర్చున్నా సింహాసనం ఎక్కినట్టే కూర్చుంటాడు. పద్యం చివర రాగం అందుకున్నాడంటే, టీకి వెళ్ళినవాళ్ళు టీ తాగి, గ్లాసు ఇచ్చేసి, చిల్లర తీసుకుని వచ్చి కూర్చున్నా అది నడుస్తూనే ఉంటుంది. అప్పుడు జనం ‘వన్స్‌మోర్’ అంటారు. మా వైపు పద్యనాటకాల్లో ఇదొక ఆచారం. వన్స్‌మోర్ పడితే నటుడు మళ్ళీ పాడి తీరాలి. చచ్చిపోయిన పాత్రయినా సరే, లేచి పాడి మళ్ళీ చావాలి.

చప్పట్లూ దండలూ ఆయనకి. నాకు మాత్రం కుడిచేత్తో మెట్లు నొక్కడం, ఎడమచేత్తో తిత్తి ఊపడం. తిత్తి ఆగితే గాలి ఉండదు, గాలి లేకపోతే శ్రుతి ఉండదు, శ్రుతి లేకపోతే రాజూ ఒకటే బంటూ ఒకటే. కాళ్ళతో తొక్కే హార్మోనియం వాడొచ్చు కదా అని తెలిసినవాళ్ళు అడుగుతారు. మా నాటక సమాజానికి అదీ ఉండేది. దాని తిత్తిని ఎలుకలు కొట్టేశాయి. ఆ ఎలుకలు అప్పయ్య కొట్లోవే.

తొంభైల మొదట్లో ఒక చలికాలం, అడవులదీవిలో నాటకం పెట్టారు. బయలుదేరే ముందు మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. “ఇలాగే సాగదీస్తే ఏదో ఒకరోజు నడి రాగంలో గాలి ఆపేస్తానండి” అన్నాను. అన్నమాట నిజం. పదిమంది విన్నమాట కూడా నిజం. ఆ రాత్రి మూడో వన్స్‌మోర్‌కి, సరిగ్గా నడి రాగంలో గాలి ఆగిపోయింది.

నేను ఆపలేదు. ఎడమ చెయ్యి బరువెక్కి, చల్లబడి, నాది కానట్టు తిత్తి మీంచి జారిపోయింది. కళ్ళు కూడా తిరిగాయి. అప్పయ్య గొంతు ఒక్కటే కొంతదూరం పోయి, దారి తప్పి, కీచుమని పడిపోయింది. జనం పడీ పడీ నవ్వారు.

“చెప్పి మరీ చేశారు మాస్టారూ” అన్నాడు తెర వెనక, కిరీటం తియ్యకుండానే.

“చెయ్యి రాలేదు మొర్రో” అన్నాను.

“ఇరవయ్యేళ్ళు వచ్చిన చెయ్యి ఇవాళే రాలేదా అండి?”

నాకు కొంతకాలంగా ఆ చెయ్యి అలిసిపోతూనే ఉంది. వయసు కదా అని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? బాపట్లలో నాటక పరిషత్తు దగ్గరపడింది. దానికి తెనాలి నుంచి వేరే హార్మోనిస్టుని పెట్టుకుంటానని అప్పయ్య బజారంతా చెప్పాడు. నన్ను తీసేసినా సర్దుకునేవాణ్ణే. దొంగదెబ్బ కొట్టినవాడన్న పేరుతో తీసెయ్యడం మాత్రం నాకు అన్నం సహించనివ్వలేదు. బడిలో పిల్లల ముందు కూడా తల ఎత్తలేకపోయాను.

రేపల్లె డాక్టరుగారి గదిలో రోగి కూర్చునే స్టూలు ఎలా వేశారంటే, ఆయనకి మన ఎడమ చెయ్యే అందుతుంది. పట్టీ చుట్టి చూసి, “బీపీ బాగా తక్కువుందండి. ఉప్పు ఎక్కువ తినండి. పచ్చళ్ళు దండిగా తినండి” అన్నారు. కళ్ళు తిరగడం తగ్గకపోతే తెనాలిలో కూడా ఒకసారి చూపించుకోమన్నారు. ఇలాంటి మందు రాసే డాక్టరు దొరకడం పూర్వజన్మ సుకృతం అనేవాణ్ణి, మా మతం ఒప్పుకుంటే. మా ఆవిడ సుగుణమ్మ ఆవకాయ జాడీ అటక మీంచి దించింది. ఆ వారమంతా తిన్నాను. తలనొప్పి అదనంగా వచ్చింది గానీ చెయ్యి మారలేదు.

తెనాలి వెళ్తున్నానని తెలిసి అప్పయ్య వచ్చాడు. “నేనూ వస్తానండి. జబ్బు నిజమో వేషమో నా కళ్ళతో చూడాలి. వేషాల సంగతి నాకంటే ఎవరికి తెలుసు?” అన్నాడు. పనిలో పనిగా హార్మోనియం కూడా తెమ్మన్నాడు, తెనాలిలో బాగుచేసేవాడికి చూపించడానికి. ఒక తువ్వాలు, ఆవకాయన్నం కలిపి పెట్టిన క్యారియరు, హార్మోనియం పెట్టె, ఒక రాజు. ఇదీ నా సామాను. “సాయంత్రానికి వచ్చేస్తాం” అని సుగుణమ్మకి చెప్పి రైలెక్కాను.

రైల్లో

మా రేపల్లె రైలు తొందరపడదు. పొలాల మధ్య అది పోతుంటే కోస్తున్నవాళ్ళు తలెత్తి పలకరించి, జవాబు విని మళ్ళీ వంగొచ్చు. మా ఎదుట ఎండు చేపల గంపతో ఒకామె కూర్చుంది. నెత్తళ్ళు రేపల్లె బజారుకంటే చవగ్గా చెప్పింది. హార్మోనియం పెట్టె చూసి, “ఏంటన్నా అందులో?” అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు అప్పయ్య అందుకున్నాడు. అడవులదీవి కథంతా చెప్పాడు. నా గొంతులో నన్నూ, ఆయన గొంతులో ఆయన్నూ, జనం నవ్వుని కూడా అభినయించాడు. రైలు పెట్టెలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఆ రైలు కాస్తా కోర్టయింది.

చేపలామె అంతా విని, గంప మీద చెయ్యేసి తీర్పు చెప్పింది. “ఈ మాస్టారన్న చేతికి దిష్టి తగిలింది, నల్లతాడు కట్టండి. మరి నువ్వేంటయ్యా, అంతసేపు పాడతా ఉంటే ఎవరి చెయ్యన్నా పడిపోద్ది. తప్పు నీదే!”

పెట్టె మొత్తం ఆమె పక్షమే. అప్పయ్య మూతి ముడుచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు, తెనాలి వచ్చేవరకూ. నేను మాత్రం నెత్తళ్ళు కొన్నాను. అవి మద్రాసు దాకా నాతో వస్తాయని అప్పుడు తెలియదు.

తెనాలి

రేపల్లెలో కొత్తమనిషి కనిపిస్తే “ఎవరి తాలూకండి?” అంటారు. తెనాలిలో “ఏం వేషం వేస్తారండి?” అంటారు. టీ కొట్టు దగ్గర హార్మోనియం పెట్టె చూసి ముగ్గురు మమ్మల్ని అదే అడిగారు. నాలుగో ఆయన అప్పయ్యని గుర్తుపట్టి, “అడవులదీవిలో రాగం పడిపోయింది మీదేనాండి?” అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. ఆ వార్త మాకంటే ముందు రైల్లో వచ్చిందన్నమాట. అప్పయ్య సగం టీ వదిలేసి లేచాడు. ఆయన మొహం చూసి, కోపం ఉన్నా నాకు జాలేసింది.

హార్మోనియం బాగుచేసేవాడు తిత్తి రెండుసార్లు ఊపి, చెవి ఆనించి విని, “పెట్టెలో ఏ లోపమూ లేదండి” అని తిరిగి ఇచ్చేశాడు. అంటే ముద్దాయిని నేనొక్కణ్ణే మిగిలాను.

తెనాలి డాక్టరుగారి గదిలో స్టూలు రెండో వైపు ఉంది. ఆయన కుడి చెయ్యి పట్టుకున్నారు. చూసి, కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ చూశారు. “ఇంత బీపీ పెట్టుకుని ఎలా తిరుగుతున్నారండి? ఇవాళ్టినుంచి ఉప్పు తగ్గించాలి. పచ్చడి వాసన కూడా చూడకూడదు” అన్నారు.

“రేపల్లెలో తక్కువన్నారండి” అన్నాను.

“రేపల్లెలో ఏమన్నారో నాకెందుకండి?” అన్నారు.

బయటికొచ్చాక అప్పయ్య చంకలు గుద్దుకున్నాడు. “రేపల్లెలో తక్కువ, తెనాల్లో ఎక్కువ! నేను కూడా ఇంత తొందరగా వేషం మార్చలేదు మాస్టారూ!”

స్టేషను బెంచీ మీద క్యారియరు విప్పాం. ఎర్రగా ఆవకాయన్నం. రేపల్లె డాక్టరు మాట ప్రకారం మొత్తం తినాలి. తెనాలి డాక్టరు మాట ప్రకారం మూత కూడా తియ్యకూడదు. ఇద్దరినీ గౌరవించి సగం తిన్నాను. మిగతా సగం తినడానికి అప్పయ్యకి ఏ డాక్టరూ అడ్డు చెప్పలేదు.

తిని మూతి తుడుచుకుంటూ ఆయనే అన్నాడు. “సాక్షులు ఇద్దరూ రెండు రకాలుగా చెబితే మూడో సాక్షి కావాలండి. పరిషత్తు కార్యదర్శి బాపట్ల డాక్టరుగారే కదా. పదండి, మీ చెయ్యీ చూపిద్దాం, హార్మోనిస్టుని మారుస్తున్నానని కూడా చెప్పొస్తాను.” నా జబ్బూ, నా ఉద్యోగమూ ఒకే టిక్కెట్టు మీద తేలిపోతాయని ఆయన లెక్క.

బాపట్ల

బాపట్ల డాక్టరుగారు పెద్దాయన. నాటకమంటే ప్రాణం. ముందు వరసలో కూర్చుని అందరికంటే ముందు వన్స్‌మోర్ కొట్టేది ఈయనే. అంటే నా చెయ్యి పాడవడంలో ఈయన వాటా కూడా ఉందని నేను లోపల అనుకుంటూనే ఉన్నాను.

ఉప్పు గొడవ విని పకపకా నవ్వారు. నవ్వుతూనే, “ఏ చెయ్యి చూశారండి రేపల్లెలో?” అన్నారు. “ఎడమ చెయ్యండి.” “తెనాలిలో?” “కుడి చెయ్యండి.” ఆయన నవ్వు ఆగిపోయింది. “రెండు చేతులూ చాపండి” అన్నారు.

రెండు చేతులకీ పట్టీ చుట్టి చూశారు. తర్వాత ఎడమ మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, చాలాసేపు వెతికారు. “ఈ చేతికి నాడి సరిగ్గా అందడం లేదండి” అన్నారు.

అప్పయ్య కుర్చీలోంచి లేచాడు. “నాడి లేకపోతే మనిషి పోయినట్టే కదండీ!”

“మనిషి ఉన్నాడండి. చేతికే కరువొచ్చింది” అని ఆయన మాకు తెలిసిన భాషలో చెప్పారు. “కాలవలో పూడిక పేరుకుంటే మీ రేపల్లె చివరి భూములకి నీళ్ళు అందవు కదా? అలాగే ఈ చేతికి పోయే రక్తనాళం భుజం దగ్గర సన్నబడింది. ఊరికే కూర్చుంటే సరిపోతుంది. తిత్తి ఊపితే చాలదు. అప్పుడా చెయ్యి ఏం చేస్తుందంటే, పక్క బోదెకి గండికొట్టి, తలకి పోయే రక్తాన్ని కూడా తను లాక్కుంటుంది. అందుకే కళ్ళు తిరుగుతున్నాయి. బీపీ అసలు ఎక్కువే. ఎడమ చేతి దాకా రాక తక్కువ కనిపించింది. మీ డాక్టర్లిద్దరూ అబద్ధం చెప్పలేదు, ఎవరికి అందిన చెయ్యి వాళ్ళు చూశారు.”

“దొంగ చెయ్యని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానండి!” అన్నాడు అప్పయ్య.

అన్నాడే గానీ గొంతులో పస లేదు. నాకు మాత్రం, ఎవరికీ చెప్పుకోకూడని మాట, లోపల పండగలా ఉంది. జబ్బు ఉందని తేలినందుకు ఇంత సంతోషించిన రోగిని ఆ డాక్టరుగారు చూసి ఉండరు.

మద్రాసులో ఇప్పుడు కొయ్యకుండానే, బెలూను పంపి సన్నబడిన చోట వెడల్పు చేస్తున్నారనీ, అక్కడ తన శిష్యుడున్నాడనీ చెప్పారు డాక్టరుగారు. “అంతా బాగుంటే పరిషత్తు నాటికి వచ్చేస్తారు. బాగుంటేనే సుమండీ” అన్నారు. డబ్బు సంగతి ఇక్కడ వద్దు. అది తలుచుకుంటే రెండు చేతుల్లోనూ బీపీ పెరుగుతుంది.

బయటికొచ్చి నేను హార్మోనియం పెట్టె ఎత్తబోతే అప్పయ్య నా చేతిలోంచి లాక్కుని తన భుజాన పెట్టుకున్నాడు. ఇరవయ్యేళ్ళలో ఆయన దాన్ని మొయ్యడం అదే మొదలు. తన కొట్టుకి ఫోను చేసి, సుగుణమ్మకి కబురు పంపమన్నాడు. తువ్వాలొక్కటే పట్టుకుపోయారు, బట్టలెట్లా అని ఆమె తిరుగు కబురు పంపింది. “రాజుల దగ్గర బట్టలకి కరువా అని చెప్పు” అన్నాడాయన. ఆ భారీ మనిషి తన కొలతకి బాపట్ల బజారులో కొన్న చొక్కాలే మద్రాసులో నేనూ తొడుక్కున్నాను.

మద్రాసు

రైలు దిగాక నాకు వింతగా తోచింది ఒక్కటే. మనం ఎవరమో ఎవరూ అడగరు. బల్ల మీద పక్కన కూర్చుని భోంచేసి, మన ఊరు పేరైనా తెలుసుకోకుండా లేచిపోతారు. కాఫీ మాత్రం దివ్యంగా ఉంటుంది. అన్నం దగ్గరే అప్పయ్యకి గొడవొచ్చింది. ఉప్పుడు బియ్యపు అన్నం వడ్డిస్తే ఒక మెతుకు తీసి, వెలుతురులో పట్టుకుని చూసి, “వడ్లు ముందే ఉడకబెట్టేశారు. ఇక మనం వండేదేంటండీ!” అన్నాడు. ఉన్నన్నాళ్ళూ ఇడ్లీలతో బతికాడు. నా నెత్తళ్ళ పొట్లం వాసనకి సత్రం గుమాస్తా రెండుసార్లు గది మార్చాడు.

బెలూను అనగానే అప్పయ్య కళ్ళకి తిరునాళ్ళ బెలూనే కనిపించింది. “లోపల పగిలితే?” అని బాపట్ల డాక్టరుగారి శిష్యుణ్ణి అడిగాడు. ఆయన తెలుగాయనే. “అంత సులువుగా పగలదండి. కానీ ప్రమాదమే లేదని మాత్రం చెప్పను. నాళం దెబ్బతినొచ్చు, మళ్ళీ సన్నబడొచ్చు కూడా” అని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ రోజంతా అప్పయ్య రాగం తియ్యలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

పొద్దున్నే ఒకతను కత్తి పట్టుకొచ్చి నా తొడ గజ్జల దగ్గర గొరిగాడు. చేతికి జబ్బయితే కాలు గొరగడమేంటని అడిగాను. దారి అక్కణ్ణుంచేనట. రేపల్లె నుంచి తెనాలి పోయి, అక్కడ మారి బాపట్ల వెళ్ళినట్టే ఇదీ. మత్తు ఆ చోటు వరకే ఇచ్చారు. మెలకువగా పడుకుని, తెర మీద చూస్తూ, ప్రార్థన చేసుకుంటూ ఉన్నాను. రంగు మందు ఎక్కించినప్పుడు ఒళ్ళంతా వేడినీళ్ళు పోసినట్టయింది. తెర మీద నా రక్తనాళం కనిపించింది. భుజం దగ్గర దారం బిగించి కట్టిన పొట్లకాయలా ఉంది. ఇన్నాళ్ళూ నన్ను దొంగని చేసింది అదే.

బెలూను అక్కడ నిలబెట్టి నింపారు. నింపేది గాలి కాదట, మందు కలిపిన నీళ్ళట. గాలి పని చేసేవాణ్ణి కనక అడిగి తెలుసుకున్నాను. భుజం పట్టేసినట్టు నొప్పి వచ్చింది, పోయింది. డాక్టరు తెర చూసి, సహాయకుడితో “వన్స్‌మోర్” అన్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ మాట పడింది అప్పయ్యకే. నాకు పడడం అదే మొదటిసారి. నవ్వాపుకోలేకపోయాను. కదలొద్దని కేకలేశారు.

రెండోసారి బెలూను దింపాక, మోచేతి నుంచి వేళ్ళ దాకా వెచ్చదనం దిగింది. పొట్లకాయకి కట్టిన దారం విప్పేసినట్టుంది తెర మీద.

గది బయటికి తెచ్చి, గజ్జల మీద ఇసుక మూట పెట్టి, కాలు కదపకూడదన్నారు. అప్పయ్య వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. నా ఎడమ మణికట్టు పట్టుకుని వేళ్ళతో తడిమాడు. తడిమి తడిమి ఒకచోట ఆగాడు.

“ఉందండి మాస్టారూ! తాళం కూడా తప్పట్లేదు!” అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “బజారంతా చెప్పాను మీ గురించి. ఇప్పుడు బజారంతా మళ్ళీ చెప్పాలి” అన్నాడు. అది క్షమాపణ అని నాకు తెలుసు. ఆ సంతోషంలో అక్కడే పద్యం ఎత్తుకున్నాడు. నర్సు వచ్చి వేలు చూపించి నోరు మూయించింది. నడి రాగంలో ఆయన్ని ఆపిన రెండో మనిషి ఆమె.

ఉప్పు తగాదా కూడా అక్కడే తేలిపోయింది. ఇప్పుడు రెండు చేతులూ ఒకటే బీపీ చెబుతున్నాయి. ఎక్కువని. కాబట్టి ఆవకాయ జాడీ మళ్ళీ అటకెక్కింది. గెలిచింది తెనాలి.

మళ్ళీ బాపట్ల

తిరుగు ప్రయాణంలో పరిషత్తు కోసం బాపట్లలోనే దిగిపోయాం. హార్మోనియం వాయించొచ్చని మద్రాసు డాక్టరు అనుమతి ఇచ్చాడు. తెర లేవకముందే అప్పయ్య కిరీటంతో మైకు ముందుకొచ్చి, “అడవులదీవిలో మా మాస్టారు గాలి ఆపలేదండి. ఆయన చేతికి నెత్తురు ఆగింది. నేను అన్యాయంగా నింద వేశాను” అని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నాకు పడ్డ చప్పట్లు అవే.

నాటకం మొదలైంది. చెయ్యి కొత్త చెయ్యిలా ఉంది. ఎంత ఊపినా అలుపు లేదు. ఒక వన్స్‌మోర్. రెండు. అప్పుడు నాకొక సంగతి తట్టింది. ఈ కొన్నేళ్ళుగా నా చెయ్యి అలిసి గాలి కాస్త తగ్గగానే, అప్పయ్య ఆ సందు చూసుకుని రాగం ముగించేవాడు. ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఇప్పుడు గాలి తగ్గడం లేదు. ముగించడానికి ఆయనకి సందు దొరకడం లేదు.

ముందు వరసలోంచి డాక్టరుగారే మూడో వన్స్‌మోర్ కొట్టారు. అప్పయ్య మళ్ళీ ఎత్తుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. రాగం పైకి పోయింది. ఆ గొంతులో ఏ చప్పుడు తర్వాత ఏ చప్పుడు వస్తుందో ఇరవయ్యేళ్ళుగా ఎరిగినవాణ్ణి. ఇంకొక్క క్షణంలో అది పగులుతుంది. ఆయన నావైపు చూశాడు.

ఎడమ చెయ్యి వదిలేశాను. భుజం పట్టుకుని, పళ్ళు బిగించి, హార్మోనియం మీదికి వాలిపోయాను.

“అయ్యో!” అన్నారు జనమంతా. ఎవరూ నవ్వలేదు. డాక్టరుగారు పరుగున వేదికెక్కి నా మణికట్టు పట్టుకున్నారు. నాడి ఆయన వేళ్ళ కింద గుర్రంలా పరిగెడుతోంది. నా మొహంలోకి చూశారు. పక్కన స్తంభం పట్టుకుని రొప్పుతున్న అప్పయ్యని చూశారు. లేచి మైకు అందుకుని, “మాస్టారికి విశ్రాంతి అవసరం. ఇవాళ్టికి ఇంక వన్స్‌మోర్లు కొట్టకండి బాబూ” అన్నారు, అందరికంటే ఎక్కువగా కొట్టే పెద్దమనిషి.

మర్నాడు తెనాలిలో మారి రేపల్లె రైలెక్కాం. హార్మోనియం పెట్టె అప్పయ్య ఒళ్ళో ఉంది.

“రాత్రి గాలి ఎందుకు ఆపారండి?” అన్నాడు.

“చెయ్యి రాలేదండి” అన్నాను.

ఆయన నా ఎడమ చెయ్యి తీసుకుని మణికట్టు మీద వేళ్ళు పెట్టాడు. మద్రాసులో వెతికినంతసేపు వెతకనక్కరలేకపోయింది.

“వేషం బాగానే వేశారు మాస్టారూ” అన్నాడు. చెయ్యి మాత్రం రేపల్లె వచ్చేదాకా వదల్లేదు.